ఇంటికి రౌటరు మేలా, పాత కంప్యూటరు మేలా?



హనుమకొండలో మా వీధియందలి యొక యింటివారు గత మాసమున బ్రాడ్‌బ్యాండు తీగ వేయించుకొనిరి. మరునాటి సాయంకాలమున ఆ యింటి యిల్లాలు మా యింటికి వచ్చి, "అక్కా! రౌటరును వేరుగా కొనుడని తీగ వేసినవారు చెప్పి పోయినారు. మా అబ్బాయి మాత్రము, మూలబడియున్న పాత కంప్యూటరునే రౌటరుగా జేయుదును, దండుగ వ్యయమెందులకు అనుచున్నాడు. మీ యింట రెండును చూచినారట గదా, ఏది మేలు?" అని యడిగినది. ఆమెకు నోటితో చెప్పిన సమాధానమునే కొంత విపులముగా నిచ్చట వ్రాయుచున్నాను. ఇది మగవారి విషయమని పుట త్రిప్పివేయకుడు. తీగ తెగినను, దీపము ఆరినను, పగటివేళ ఇంటనుండి ఆ పెట్టె ముందు నిలువవలసినది మనమే.

మొదట రౌటరనగా నేమో తెలిసికొందము. మన ఓరుగల్లు సీమలో చెఱువు సంగతి యెఱుగని వారుండరు. కాకతి గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దారంభమున, కట్టిన పాకాల చెఱువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. చెఱువెంత పెద్దదైనను నీరు తానై మడిలోనికి రాదు. తూము వలయును, కాలువ వలయును, ఏ మడికెప్పుడు నీరు పాఱవలెనో చూచు నీరటివాడు వలయును. కంపెనీవారు మన గడపవఱకు తెచ్చు తీగ కాలువ వంటిది. దాని వెంట వచ్చుదానిని ఇంటిలోని సెల్‌ఫోనులకును, టీవీకిని, పిల్లల ల్యాప్‌టాపునకును పంచిపెట్టు నీరటివాడే రౌటరు. ఈ పోలిక నేను కల్పించినది గాని, తీగకును నీటికిని మన రాష్ట్రమున నిజముగనే చుట్టఱికము కలదు. మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే టీ-ఫైబరు తీగలను గూడ పఱచిరి. ఆంధ్రప్రదేశమున 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌నెట్టు తీగలు విద్యుత్ స్తంభముల మీదుగా పోవుచున్నవి.

నీటికిని దీనికిని ఒక భేదము మాత్రము కలదు. నీరు ఏ మడిలో పడినను నీరే. ఇంటర్నెట్టున వచ్చునది జాబుల వంటిది. ఎవరి జాబు వారికే చేరవలెను. నేటికిని విరివిగా వాడుకలోనున్న పాతపద్ధతి చిరునామాలు ప్రపంచమంతటికిని కలిపి సుమారు 430 కోట్లు మాత్రమే. మనుష్యులకే చాలని ఈ చిరునామాలు ఇంటికి నాలుగేసి యంత్రములున్న కాలమున ఎట్లు చాలును? కావున కంపెనీవారు ఇంటికొక్క చిరునామానే యిత్తురు. కొందఱు పలు ఇండ్లకు కలిపి యొక్కటే యిచ్చుటయు గలదు. ఇంటిలోపల 192.168 అని మొదలగు అంకెలను రౌటరు తానే పంచిపెట్టును. అవి గడప దాటి పోవు. ఉమ్మడి కుటుంబమున పెద్ద అత్తగారు, ఏ కోడలు ఎవరికి జాబు వ్రాసినదో గుర్తుంచుకొని, ప్రత్యుత్తరము రాగానే ఆమె చేతికే యిచ్చినట్లు, రౌటరును ప్రతి యంత్రము అడిగినదానిని జ్ఞాపకముంచుకొని తెచ్చి యిచ్చును. ఎవరును వ్రాయని జాబునకు ప్రత్యుత్తరము తెచ్చితినని వచ్చు క్రొత్తవానిని గడప యెక్కనీయదు. ఈ రెండవ పని మొదటిదానికంటె తక్కువది గాదు.

ఈ పనికై ప్రత్యేకముగా చేసి యమ్ము చిన్న పెట్టె యొకటి. ఇదే పని చేయునట్లు అమర్చిన కంప్యూటరు మఱియొకటి. వీని నడుమ జాతిభేదము లేదు. చిన్న పెట్టెలోనిదియు కంప్యూటరే. 2002 చివర లింక్‌సిస్ అను కంపెనీవారు డబ్ల్యూఆర్‌టీ 54జీ అను రౌటరును విడుదల చేసిరి. దాని లోపల నడచుచున్నది లినక్స్ అని నేర్పరులు కనిపెట్టి, అందఱికిని సొంతమైన ఆ వ్రాతను అందఱికి చూపవలసినదేయని పట్టుబట్టగా, 2003లో ఆ కంపెనీ దానిని బయటపెట్టినది. దానినుండియే 2004లో ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ పుట్టినది. ఆ సంవత్సరముననే పాత కంప్యూటరును రౌటరుగా మార్చు పీఎఫ్‌సెన్స్ అను ఉచితమైన ఏర్పాటును మొదలైనది. కాబట్టి ఇచ్చట విచారింపవలసినది ఏది గొప్ప యంత్రమని కాదు. ఏది మన యింట నిలుచునని.

కంప్యూటరును నీరటివానిగా పెట్టుట మన యూరికి క్రొత్తయు గాదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ వారు బ్రాడ్‌బ్యాండు ప్రారంభించినప్పుడు టెలిఫోను రాగి తీగమీదనే అది వచ్చెడిది. క్షణమునకు 256 కిలోబిట్ల వేగమే మహావేగముగా నుండెను. అప్పుడు నేను చిన్నదానను. మా యన్నగారి వెంట పరీక్షాఫలితములు చూచుటకు నెట్ సెంటరునకు పోయిన జ్ఞాపకము. వాకిటికడ బల్లమీద యజమాని కంప్యూటరు, దాని వెనుక వరుసగా మిగిలినవి. తీగ వచ్చి యజమాని కంప్యూటరులో చేరును. అది మిగిలినవానికి పంచును. 1999లో వచ్చిన విండోస్ 98 రెండవ కూర్పు మొదలు అట్లు పంచుకొను ఏర్పాటు సామాన్యుల కంప్యూటర్లలోనే యుండెను. అది కునికినచో వరుసయంతయు కునికెడిది. అప్పుడు యజమాని లేచి వచ్చి మీట నొక్కెడివాడు. ఆ యజమాని రాత్రింబవళ్లు అచ్చటనే కూర్చుండియుండెను గనుక అది నడచినది. ఈ మాటను కొంచెము గుర్తుంచుకొనుడు.

ఇక మా యింటి సంగతి.

2020 మార్చిలో బడులు మూతపడినవి. సెప్టెంబరు 1వ తేదీనుండి పిల్లలకు టీ-శాట్‌లోను, దూరదర్శన్ యాదగిరిలోను పాఠములు మొదలైనవి. మా వారు ఉపాధ్యాయులు. పాఠము చూచిన పిల్లలతో ఫోనులో మాటలాడుట, అభ్యాసపత్రములు పంపుట మొదలైనవి వారికి తప్పలేదు. అప్పుడే మా యింటికి ఫైబరు తీగ వచ్చినది. కంపెనీవారి పెట్టె వాకిటి గదిలో నుండుటచే వెనుక గదికి వైఫై చాలలేదు. మా మరిది పూనాలో కంప్యూటరు ఉద్యోగి; 2022 సంక్రాంతికి వచ్చినవాడు మా యవస్థ చూచి, "వదినా! కొనుట యెందులకు? అటకమీది కంప్యూటరును దింపి రౌటరు చేసెదను" అని రెండు దినములు శ్రమపడి, దానికి రెండవ నెట్‌వర్కు కార్డు తగిలించి, పీఎఫ్‌సెన్స్ ఎక్కించి, దూరపు గదికి వైఫై పంచుటకు వేఱొక చిన్న పెట్టెను గూడ కొని తెచ్చి యమర్చెను. చూచితిరా, అది కొనక తప్పలేదు. కంప్యూటరు పంచిపెట్టగలదు గాని, ఇల్లంతయు వైఫై వెదజల్లుటకు దానికి వేఱొక సాయము కావలెను. ఏమియు కొననక్కఱలేదను వాదము ఆ దినముననే సగము పోయినది.

అది పనిచేయలేదని నేననను. బహు చక్కగా పనిచేసినది. పిల్లలు రాత్రి పది దాటిన పిదప ఆటలాడకుండ గడియారము పెట్టినట్లు ఆపివేసెడిది. చెడ్డ పుటలను తెఱవనీయలేదు. ఏ ఫోను ఎంత వాడినదో పట్టిక గీసి చూపెడిది. రాత్రియంతయు తేనెపట్టు వలె రొద చేయుచున్నదని మా అత్తగారు విసుగుకొనెడివారు. నెలకొకమాఱు మూత తీసి దుమ్ము దులుపుట నా వంతు. ఒకతూరి లోపల బల్లిగ్రుడ్లు కూడ కనబడినవి. ఇవి చిన్నవి.

2023 జూలై నెలాఖరున మన వరంగల్లు, హనుమకొండలలో కురిసిన వానలును, కాలనీలు నీట మునుగుటయు మీరు మఱచియుండరు. ఆ వానలు కొంచెము తగ్గిన పిదప ఒక మధ్యాహ్నము మా ఆడబిడ్డ కుమార్తెకు బెంగుళూరినుండి ఉద్యోగపు ఇంటర్వ్యూ, వీడియోలో. ఆ పిల్ల మా యింటనే యుండి చదువుకొన్నది. ఉదయము కరెంటు పోయి గంటకు తిరిగి వచ్చినది. పంకా తిరిగినది, ఫ్రిజ్జు పలికినది, కంప్యూటరు పెట్టెకు దీపము వెలిగి లోపలి రొదయు వినబడినది. ఇంటర్నెట్టు మాత్రము రాలేదు. ఆపి మరల పెట్టితిమి, రాలేదు. ఫోను చేసితిమి, మరిది ఏదో సమావేశములో నుండి తీయలేదు. మా వారు బడిలో నుండిరి. ఆ పిల్ల ముఖము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఏడ్చినచో కాటుక చెదరునని యేడ్పు నాపుకొనుచు, "అత్తమ్మా, పదిహేను నిమిషములే యున్నవి" అనుచు నిలిచినది. తుదకు సెల్‌ఫోను ఇంటర్నెట్టుతోనే కూర్చుండినది. వానకు సిగ్నలు నిలువక రెండుమాఱులు మాట తెగిపోయినది. ఆ యుద్యోగము రాలేదు. అందుచేతనే రాలేదని చెప్పుటకు నాకు ఆధారము లేదు. కాదని చెప్పుటకును లేదు.

సాయంకాలము మరిది ఫోనులో చెప్పినట్లు అటకమీది తెరను దింపి ఆ పెట్టెకు తగిలించి చూచితిమి. నల్లని తెరమీద తెల్లని వ్రాత: ముందుకు సాగుటకు ఎఫ్1 మీట నొక్కుడని. లోపల గడియారమును నడపు బిళ్లవంటి బ్యాటరీ యొకటి యుండునట. పాతబడి అది చచ్చినది. కరెంటున్నంతకాలము తెలియలేదు, కరెంటు పోగానే యంత్రము తేదీని మఱచి, ఎవరైన వచ్చి మీట నొక్కువఱకు కదలక నిలిచిపోయినది. తెర లేదు గనుక ఆ ప్రశ్న ఎవరికిని కనబడలేదు. మీటల పలక లేదు గనుక కనబడినను నొక్కుటకు లేదు. ఉదయమునుండి సాయంకాలమువఱకు అది ఒక్క మీటకై వేచియున్నది.

ఆ రాత్రి నాకు భారతములోని శల్యుడు జ్ఞాపకమునకు వచ్చెను. మద్రదేశపు రాజు, గుఱ్ఱముల నెఱిగినవాడు, కర్ణునికంటె తక్కువవాడు గాడు. అతనిని తెచ్చి కర్ణుని రథమున సారథిగా కూర్చుండబెట్టిరి. నడిపెను, కాని నడుపుచునే నడుమనడుమ తన మాట తాను పలికెను. ఇంద్రుని సారథి మాతలి మాటయన్ననో, రథము తోలుటయే అతని పని. మఱియొక గొప్ప అతనికి లేదు, అక్కఱయు లేదు. అర్జునునికి కృష్ణుడు సారథ్యము చేయలేదా యని మీరడుగవచ్చును. చేసెను, రథము దిగి పోకుండ పదునెనిమిది దినములు చెంతనే యుండి చేసెను. మా మరిది పూనాలో నున్నాడు.

ఆ వారముననే మా వారు పదునెనిమిది వందల రూపాయలు పెట్టి చిన్న రౌటరు తెచ్చిరి. సామాన్య గృహమునకు చాలునది అంగడిలో వేయి మొదలు రెండున్నర వేల రూపాయల లోపుననే దొరకును. అది కరెంటు పోయి వచ్చినచో ఎవరిని ఏమియు అడుగక రెండు నిమిషములలో లేచి తన పని తాను చేసికొనును. చెడినచో ఆపి పెట్టుట మా అత్తగారికిని తెలియును.

కరెంటు ఖర్చును గూడ చూడవలెను. మా వారు లెక్కల మాస్టరు, ఊరకుండరు. ఒక దినము ఇంటిలోని యంత్రములన్నిటిని ఆపి, పాత కంప్యూటరును మాత్రము నడిపి, మీటరులోని ఎఱ్ఱని దీపము ఎన్నిమాఱులు మిణుకుమనునో గడియారముతో లెక్కించిరి. మా మీటరుమీద ఒక యూనిటునకు 3200 మిణుకులని వ్రాసియున్నది. పావుగంటలో 48 మిణుకులు. అనగా 60 వాట్లు. తరువాత రౌటరును మాత్రము ఉంచి చూచిన పావుగంటలో 8. అనగా 10 వాట్లు. రాత్రింబవళ్లు నడచుట చేత నెలకు కంప్యూటరు 43 యూనిట్లు, రౌటరు 7 యూనిట్లు తినును. నెలకు 36 యూనిట్ల భేదము. తెలంగాణములో 2024 మార్చి మొదలు గృహజ్యోతి పథకమున అర్హతగల కుటుంబములకు నెలకు 200 యూనిట్లవఱకు బిల్లు లేదు; దాటినచో మొత్తము కట్టవలెను. 180 యూనిట్లు వాడుకొను ఇంట ఈ 36 చేరినచో ఏమగునో మీరే కూడుకొనుడు. అటకమీదినుండి ఊరకే వచ్చిన వస్తువు ఊరకే వచ్చినది గాదు. మీ మీటరుమీదను అంకె వ్రాసియుండును, ఒకతూరి లెక్కించి చూడుడు. పిల్లలకు ఇంతకంటె మంచి గణితాభ్యాసము దొరకదు.

రెండవ పక్షమును గూడ చెప్పకున్న అన్యాయమగును. మా వారి బడిలో ఇరువది కంప్యూటర్ల గదికి ముందు పాత కంప్యూటరే రౌటరుగా నున్నది, బాగుగనే యున్నది. దానిని చూచుకొను ఉపాధ్యాయుడు ప్రక్క గదిలోనే యుండును. రెండు కంపెనీల తీగలు తెప్పించుకొని ఒకటి పోయిన రెండవదానికి మారవలసిన చిన్న ఆఫీసులకును అది తగును. అంగడిలో కొన్న చౌక రౌటర్లకు ఒక దోషము గలదు. రెండుమూడేండ్లు గడచిన పిమ్మట కంపెనీవారు వాని లోపములను సవరించుట మానివేయుదురు. కంప్యూటరుపై నడచు ఉచితపు ఏర్పాట్లకు సవరణలు చిరకాలము వచ్చుచుండును. ఇప్పుడు పుస్తకమంత పరిమాణము గల చిన్న కంప్యూటర్లును ఈ పనికై వచ్చినవి. కరెంటు తక్కువగా తినును, రొద చేయవు, కాని పదివేలకు పైబడిన ధర. ఇంట ఆసక్తిగల పిల్లవాడు చేసెదనన్నచో వలదనకుడు. నేర్చుకొనుటకు అంతకంటె మంచి ఆట లేదు. ఆ యాటను ఇంటి ప్రధానపు తీగమీద గాక వెనుక గదిలో ఆడుకొమ్మనుడు.

పాత విండోస్ ఉన్న కంప్యూటరునే యథాతథముగా గడపకడ నిలుపుట మాత్రము ఎట్టి పరిస్థితిలోను వలదు. విండోస్ 7కు 2020 జనవరిలోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ సవరణలు నిలిచిపోయినవి. గొళ్లెము విఱిగిన తలుపును వీధివైపున పెట్టుకొనుట వంటిది అది.

ఇంకొక మాట, బహుశః అన్నిటికంటె ముందు చెప్పవలసినది. మీ యింటికి ఫైబరు వచ్చినచో, కంపెనీవారు గోడకు తగిలించిపోయిన పెట్టెయే చాలవఱకు రౌటరును, వైఫైయును కూడ అయియుండును. చిన్న యింటికి ఇక వేఱొకటి కొననక్కఱయే లేదు. మొదట పదిదినములు దానితోనే గడిపి చూడుడు. దూరపు గదికి చాలనప్పుడే రెండవది. అట్లు కొన్నప్పుడు రెండు పెట్టెలును నేనే నీరటివాడనని పంపకమునకు దిగకుండ, ఒకదానిని పంచుటకు, రెండవదానిని వైఫైకి మాత్రమే యుంచుమని అమర్చువానికి చెప్పవలెను. మా వీధి సోదరికిని మొదట ఇదియే చెప్పితిని. ఆమె యింట మూడే గదులు. ఇంటికి పోయి చూడగా గోడమీది పెట్టెనుండియే వంటయింటివఱకు వైఫై వచ్చుచున్నదట!

ఏ పెట్టెయైనను, దానితో వచ్చిన రహస్యపదమును మొదటి దినముననే మార్చవలెను. 2016లో మిరాయ్ అను దుష్టపు ఏర్పాటొకటి కర్మాగారమునుండి వచ్చిన రహస్యపదములను మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షలకొలదిగా వశపఱచుకొని ప్రపంచమును గడగడలాడించినది. మార్చిన పదమును మా యింట పంచాంగపు వెనుక అట్టమీద వ్రాసి యుంచితిమి; ఏటేట క్రొత్త పంచాంగమునకు ఎక్కింతుము. దేవుని గదిలోని పంచాంగమును దొంగిలించుటకు కంప్యూటరు దొంగ రాడు. ఇనుప బీరువా వెనుకను, ఫ్రిజ్జు ప్రక్కను రౌటరును పెట్టకుడు. ఇంటి నడుమ కొంచెము ఎత్తున, గాలి తగులుచోట నుంచుడు. రెండువేలలోపు ధరకు రౌటర్లకై చిన్న బ్యాటరీ పెట్టెలు దొరకుచున్నవి. కంపెనీవారి పెట్టెకును, మీ రౌటరునకును రెంటికిని దానినుండి తీగ యియ్యవలెను. ఒకదానికే యిచ్చి రెండవదానిని చీకటిలో నుంచినచో ప్రయోజనము లేదు.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు మరల మన యూరు నీటిపాలైనప్పుడు, మా యింట కరెంటు లేని రెండుగంటలును ఆ చిన్న దీపము పచ్చగా వెలుగుచునే యుండెను. మా ఆడబిడ్డ కుమార్తె ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగములో నున్నది. ఇల్లు ఎట్లున్నది, నీరు గడప యెక్కినదా యని ఆ రాత్రి వీడియోలో అడుగగా, ఫోనును త్రిప్పి వాకిలి చూపితిని. పాత కంప్యూటరు అటక యెక్కలేదు. మరిది బ్రతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు క్రొత్త బిళ్ల బ్యాటరీ వేసి పోయెను. మా చిన్నవాడు దానిమీద తెలుగు టైపు నేర్చుకొనుచున్నాడు.